గుండె చుట్టూ చేరే కొవ్వు – నడుము చెప్పే సాక్ష్యము



హృదయము అనే మాట సంఘములో వినపడని ఆదివారము ఉండదు. అయితే ఈ నెల మన శీర్షికలో మాట్లాడుకోబోయేది ఆ హృదయమును గురించి కాదు. రొమ్ములో కాస్త ఎడమవైపుకు ఒదిగి, మన పిడికిలంత ఉండి, తల్లి గర్భములో మొదలుపెట్టిన పనిని ఒక్క పూట కూడా ఆపని కండరమును గురించి. దాని చుట్టూ నొప్పి లేకుండా, చప్పుడు లేకుండా చేరే కొవ్వును గురించి.

కొవ్వు అనే మాటను మనము రెండు విధాలుగా వాడతాము. ఎవరైనా పొగరుగా మాట్లాడితే “కొవ్వెక్కింది” అని తిడతాము. చాలా రోజులకు ఇంటికి వచ్చిన కొడుకు నాలుగు కిలోలు పెరిగి కనిపిస్తే “ఒళ్ళు చేశావురా, ఇప్పుడు బాగున్నావు” అని మురిసిపోతాము. ఆ తిట్టును, ఈ మురిపెమును రెండింటినీ కాసేపు పక్కన పెడదాము. లావుగా ఉన్నవారిని నొప్పించడానికి ఈ మాటలు వ్రాయడము లేదు. నిజానికి సన్నగా ఉన్నామని ధైర్యముగా ఉన్నవారే ఈ పేజీని ఎక్కువ శ్రద్ధగా చదవాలి. ఎందుకో ముందుకు వెళ్ళేకొద్దీ మీకే తెలుస్తుంది.

పల్లెల్లో కూడానా?

గుండెపోటు పట్నవాసుల జబ్బు, కుర్చీలో కూర్చొని సంపాదించేవారి జబ్బు అని మన పల్లెల్లో ఇంకా చాలామంది అనుకొంటారు. ఎండలో, వానలో కష్టపడే మనకు అది రాదని ధీమా. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలలోని 45 గ్రామాలలో పరిశోధకులు ఒక లెక్క తీశారు. ఆ గ్రామాల జనాభా సుమారు 1,80,000. ఏడాది కాలములో అక్కడ జరిగిన 1,354 మరణాలను గురించి ఇంటింటికీ వెళ్ళి, చివరి రోజులలో ఏ బాధ పడ్డారని కుటుంబీకులను అడిగి, కారణాలు నిర్ణయించారు. అంటువ్యాధులతో పోయినవారు నూటికి 12 మంది. గుండె జబ్బులు, పక్షవాతము వంటి రక్తప్రసరణకు సంబంధించిన జబ్బులతో పోయినవారు నూటికి 32 మంది. ఇవి పెద్ద ఆసుపత్రుల లెక్కలు కావు. మన గడపల లెక్కలు. అదీ 20 ఏళ్ళ క్రిందటి మాట.

అప్పటికీ ఇప్పటికీ పల్లె ఇంకా మారింది. దుక్కి ట్రాక్టరు చేస్తోంది, కోత యంత్రము కోస్తోంది. పక్క వీధికి వెళ్ళాలన్నా మోటారు సైకిలు తీస్తున్నాము. పని తగ్గింది గాని పళ్ళెములో అన్నము తగ్గలేదు. కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయని పెద్దలు చెప్పారు. కొండలు కరుగుతాయేమో గాని, కొవ్వు మాత్రము కరగదు. అది పెరుగుతుంది. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో దేశమంతటా జరిగి, 2023లో వెలువడిన పెద్ద సర్వే ప్రకారము, పెద్దవారిలో నూటికి దాదాపు 40 మందికి పొట్ట చుట్టుకొలత ఉండవలసినదానికన్నా ఎక్కువగా ఉంది. షుగరు జబ్బు ఉన్నవారు దేశములో సుమారు 10 కోట్ల 10 లక్షల మంది.

గుండెకు కొవ్వు ఎందుకు?

ముందుగా ఒక సందేహము తీర్చుకొందాము. “కొలెస్ట్రాలు” అని మనము వినేది రక్తములో తిరిగేది, రక్తనాళము లోపలి గోడలో పేరుకొనేది. ఇప్పుడు చెప్పుకొంటున్నది గుండెకు వెలుపల, దాని కండరము మీద చేరే కొవ్వు. వైద్యులు దీనిని ఎపికార్డియల్ కొవ్వు అంటారు. గుండెను కప్పి ఉంచే సంచికి లోపల, కండరమును ఆనుకొని ఇది ఉంటుంది. ఆ సంచికి బయట కూడా కొంత కొవ్వు చేరుతుంది.

ఈ కొవ్వు ఉండటమే తప్పు కాదు. ఆరోగ్యముగా ఉన్న మనిషిలోనూ గుండె పైభాగములో నూటికి 80 వంతుల మేర ఇది పరచుకొని ఉంటుంది. గుండె బరువులో దాదాపు అయిదో వంతు దీనిదే. ఊరికే ఉండదు. గుండెకు రక్తము తీసుకువెళ్ళే కరోనరీ ధమనులకు మెత్తని పరుపువలె ఉండి, ప్రతి కొట్టుకోటుకూ కలిగే కుదుపును కాస్తుంది. కండరమునకు అవసరమైనప్పుడు ఇంధనమును అందిస్తుంది. రక్తనాళములకు మేలు చేసే రసాయనములను కూడా ఊరిస్తుంది. పంటకాలువ గట్టు మీద గడ్డి ఉంటే గట్టు కోసుకుపోదు కదా, అలాంటిదే ఇది.

ఆ గడ్డి స్థానములో ముళ్ళపొదలు బలిస్తే ఏమవుతుంది? కొవ్వు హద్దు మీరినప్పుడు దాని గుణము మారుతుంది. మేలు చేసే రసాయనములు తగ్గి, వాపును పుట్టించేవి ఎక్కువవుతాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటున్నది. ఈ కొవ్వుకూ గుండె కండరమునకూ మధ్య గోడ లేదు. రెండింటికీ రక్తము వచ్చే దారి ఒకటే. నడుమ గోడ లేని రెండు ఇళ్ళలో ఒక ఇంటి పొయ్యి పొగ రెండో ఇంట్లోకి రాక తప్పదు. అలాగే ఈ కొవ్వులో ఊరిన చెడు పక్కనున్న ధమనులకు, కండరమునకు నేరుగా తగులుతుంది.

ఈ కొవ్వు ఎక్కువగా ఉన్నవారిలో కరోనరీ ధమనులు పూడుకుపోవడము, గుండె లయ తప్పి కొట్టుకోవడము, గుండె బలహీనపడి ఆయాసము రావడము ఎక్కువని అనేక పరిశోధనలు చెబుతున్నాయి. అమెరికాలో 6,785 మంది స్త్రీ పురుషులను 15 ఏళ్ళకు పైగా గమనించిన ఒక పరిశోధన 2021లో వెలువడింది. గుండె చుట్టూ కొవ్వు బాగా ఎక్కువగా ఉన్న స్త్రీలలో గుండె బలహీనపడే ప్రమాదము మిగతావారికన్నా రెట్టింపు, పురుషులలో ఒకటిన్నర రెట్లు కనిపించింది. వారి బరువును, నడుము కొలతను లెక్కలోకి తీసుకొన్న తరువాత కూడా ఆ తేడా పోలేదు.

షుగరు జబ్బుకూ దీనికీ చుట్టరికము ఉంది. ఈ కొవ్వు ఒంటరిగా రాదు. పొట్ట లోపల పేగుల చుట్టూ కొవ్వు చేరినవారిలో, కాలేయములో కొవ్వు చేరినవారిలో గుండె చుట్టూ కూడా చేరుతుంది. అలాంటి దేహములో ఇన్సులిన్ సరిగా పనిచేయదు. బి.పి. పెరుగుతుంది, రక్తములో చెడు కొవ్వులు పెరుగుతాయి. గుండె మీది కొవ్వే జబ్బును తెస్తున్నదా, లేక జబ్బు రాబోతున్నదని తెలిపే గుర్తు మాత్రమేనా అని వైద్యుల మధ్య చర్చ సాగుతూనే ఉంది. మనకు ఆ చర్చ తేలేదాకా ఆగే పని లేదు. గడ్డివాములో నుండి పొగ వస్తుంటే, నిప్పు ఎక్కడ పడిందో తేలేదాకా నీళ్ళు తేకుండా ఉంటామా?

సన్నగా ఉన్నవారికి ఒక మాట

పూణేకు చెందిన వైద్యులు యాజ్ఞిక్ గారు, ఇంగ్లండుకు చెందిన వైద్యులు యుడ్కిన్ గారు 2004లో ‘లాన్సెట్’ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటోను పక్కపక్కన అచ్చు వేయించారు. ఎత్తుకు తగిన బరువు ఉన్నదా లేదా అని చూసే బి.ఎమ్.ఐ. లెక్క ఇద్దరికీ ఒక్కటే, 22.3. ఇద్దరూ సన్నగానే ఉన్నారు. కాని దేహములో కొవ్వు ఎంతని పరీక్ష చేస్తే, ఇంగ్లండు వైద్యునికి నూటికి 9.1 వంతులు, మన దేశపు వైద్యునికి 21.2 వంతులు తేలింది. త్రాసు ఇద్దరినీ ఒకేలా చూపింది. లోపల మాత్రము రెట్టింపు తేడా ఉంది.

మనవారిలో ఇది చాలామందికి ఉన్న సంగతి. కాళ్ళు చేతులు సన్నగా ఉంటాయి, కండ తక్కువ, పొట్ట మాత్రము ముందుకు వస్తుంది. అమెరికాలో స్థిరపడిన దక్షిణాసియా వారిని, అంటే భారతదేశము, పాకిస్తాను వంటి దేశాల నుండి వెళ్ళినవారిని, అక్కడి ఇతర జాతుల వారితో పోల్చినప్పుడు కూడా మనవారిలో కండ తక్కువగాను, కాలేయములో కొవ్వు ఎక్కువగాను కనిపించింది. దీని వేరు ఇంకా లోతున ఉంది. పూణే దగ్గరి పల్లెలలో పుట్టిన పిల్లలను పరిశీలించినప్పుడు వారి సగటు బరువు సుమారు 2.7 కిలోలే. ఆ చిన్న దేహములో కండ తగ్గింది గాని, కొవ్వు అంతగా తగ్గలేదు. కాబట్టి గర్భముతో ఉన్న కోడలికి, కూతురికి పప్పు, గ్రుడ్డు, పాలు, ఆకుకూర సరిగా పెట్టడము కూడా రాబోయే తరము గుండెను కాపాడే పనే. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలినది ఆమె తినే అలవాటు ఎక్కడైనా ఉంటే, అది ఈ రోజే మానాలి.

అమ్మలారా, అక్కలారా, మీకు మరొక మాట. నెలసరి ఆగిపోయిన తరువాత స్త్రీ దేహములో కొవ్వు చేరే చోటు మారుతుంది. తుంటి దగ్గర చేరేది పొట్టలోను, గుండె చుట్టూను చేరడము ఎక్కువవుతుంది. నలభై అయిదు దాటాక “ఈ వయసులో పొట్ట మామూలే” అని సరిపెట్టుకోకండి.

దారముతో పరీక్ష

గుండె మీది కొవ్వును కొలవవచ్చునా? కొలవవచ్చును. ఎకో పరీక్షలో గుండె కుడి గది ముందు భాగములో ఆ పొర మందమును మిల్లీమీటర్లలో చూడవచ్చునని యాకోబెల్లిస్ అనే వైద్యుడు, ఆయన తోటివారు 2003లో చూపించారు. సి.టి. స్కాన్, ఎమ్.ఆర్.ఐ.లలో ఇంకా స్పష్టముగా తెలుస్తుంది. అయితే ఇన్ని మిల్లీమీటర్లు దాటితే ప్రమాదమని అందరూ ఒప్పుకొన్న ఒకే హద్దు ఇంకా ఏర్పడలేదు. అందుచేత ఇది చదివి, అప్పు చేసి మరీ స్కానింగుకు పరుగెత్తవద్దు. వేరే కారణముతో డాక్టరు గారు ఎకో వ్రాసినప్పుడు, “గుండె చుట్టూ కొవ్వు ఎలా ఉందండీ?” అని అడగండి చాలు.

ఇంట్లో చేసుకోగల పరీక్ష ఒకటున్నది. దానికి నూలుదారము చాలు. గోడకు ఆనుకొని నిలబడి, తల నుండి మడమ వరకు మీ ఎత్తుకు సరిపడా దారము కత్తిరించండి. దానిని సరిగ్గా సగానికి మడవండి. ఆ సగము దారమును నడుము చుట్టూ తిప్పండి. కొసలు రెండూ కలిస్తే మంచిదే. కలవకుండా మధ్యలో ఖాళీ మిగిలితే, మీ నడుము మీ ఎత్తులో సగము దాటినదని అర్థము. టేపు ఉన్నవారు దానితో కొలవండి. మనవారిలో పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళములు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే సుమారు 31న్నర అంగుళములు దాటకూడదని వైద్యులు చెబుతారు.

కొలిచే చోటు ముఖ్యము. క్రింది ప్రక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి వదిలి, పొట్ట లోపలికి లాగకుండా కొలవాలి. లుంగీ ముడి వేసే చోట కాదు. పొట్ట పెరిగేకొద్దీ మగవారి లుంగీ ముడి, ప్యాంటు పట్టీ క్రిందికి జారిపోతాయి. అందుకే “పదేళ్ళ నుండి నా ప్యాంటు సైజు 34 అంగుళాలే” అని చెప్పేవారి మాట నమ్మడానికి లేదు. ప్యాంటు నిజమే చెబుతుంది, అయితే అది నడుమును గురించి కాదు!

దారము చాలకపోయినవారు భయపడవద్దు. అది తీర్పు కాదు, హెచ్చరిక. మీ ఊరి ఏ.ఎన్.ఎం. గారిని గాని, ఆశా కార్యకర్తను గాని కలవండి. ముప్పై ఏళ్ళు దాటినవారికి బి.పి., షుగరు పరీక్షలు ప్రభుత్వము ఉచితముగా చేయిస్తున్నది. దారము చాలినవారు కూడా ఈ రెండు పరీక్షలు చేయించుకోవలసిందే. పొగాకు అలవాటు ఉన్నవారు, తల్లిదండ్రులకు చిన్న వయసులోనే గుండెపోటు వచ్చినవారు మరీ ముఖ్యముగా చేయించుకోవాలి.

చేరిన కొవ్వు కరుగుతుందా?

కరుగుతుంది. ఈ మాట చెప్పడానికే ఇంత దూరము వ్రాశాను. గుండె మీది కొవ్వు మొండిది కాదు. దేహములో మిగతా చోట్ల కన్నా ముందుగా స్పందించే కొవ్వులలో ఇదొకటి. బాగా స్థూలకాయము ఉన్న 20 మంది వైద్యుల పర్యవేక్షణలో ఆరు నెలలు ఆహారము తగ్గించినప్పుడు వారి బరువు నూటికి 20 వంతులు తగ్గింది. గుండె మీది కొవ్వు మందము నూటికి 32 వంతులు తగ్గింది. ఈ ఫలితము 2008లో వెలువడింది. అంత కఠినమైన ఆహార నియమము డాక్టరు లేకుండా ఎవరూ చేయకూడదు. కాని బరువు కన్నా ఈ కొవ్వే ఎక్కువగా దిగివచ్చినదని గమనించండి.

వ్యాయామము సంగతి కూడా చూడండి. పొట్ట ఉన్న 50 మందితో డెన్మార్కులో ఒక పరీక్ష జరిపి 2019లో ప్రకటించారు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి 45 నిమిషాలు, 12 వారాలు సాధన. ఆయాసము వచ్చేలా సాధన చేసినవారిలో గుండె మీది కొవ్వు నూటికి 32 వంతులు, బరువులు ఎత్తినవారిలో 24 వంతులు తగ్గింది. పన్నెండు వారాలంటే ఒక పంట కాలము కూడా కాదు.

మనకు జిమ్ములు అక్కరలేదు. చెరువు గట్టు ఉంది, పొలము దారి ఉంది. మాట్లాడగలము గాని పాట పాడలేము అన్నంత వేగముతో రోజుకు అరగంటకు తగ్గకుండా నడవండి. వారములో రెండు రోజులు కండకు పని చెప్పండి. గునపము పట్టడము, నీళ్ళ బిందెలు మోయడము, గుంజిళ్ళు తీయడము, అన్నీ పనికివస్తాయి. నీళ్ళు తేవడము ఆడవారి పని అనుకొనే అన్నలకు ఇది మంచి అవకాశము. అయితే ఛాతీలో నొప్పి ఉన్నవారు, నాలుగడుగులకే ఆయాసపడేవారు ముందు డాక్టరు గారికి చూపించుకొని గాని బరువు పనులు మొదలుపెట్టకూడదు.

ఇంట్లో, విందులో

వంటగది గురించి నాలుగు మాటలు. తెల్లగా పట్టించిన బియ్యపు అన్నము పళ్ళెములో సగము దాటకుండా, మిగతా సగము కూర, పప్పు, ఆకుకూరలతో నింపండి. రోజుకు ఒక పూటైనా జొన్నరొట్టె, రాగిసంకటి, కొర్రన్నము వంటివి తినండి. మన తాతలు తిన్నవే అవి. నెలకు ఎంత నూనె కొంటున్నారో ఒకసారి లెక్క వేసుకోండి. రోజుకు ఒక మనిషికి 20 నుండి 30 గ్రాములకు మించవద్దు, అంటే ఆరేడు చిన్న చెంచాలు. నలుగురున్న ఇంట్లో నెలకు మూడు కిలోలు దాటితే ఆలోచించవలసిందే. కాచిన నూనెనే మళ్ళీ మళ్ళీ కాచవద్దు. టీలో పంచదార, సీసాల్లో అమ్మే తీపి పానీయాలు తగ్గించండి. సారా, బీరు, బ్రాందీ పొట్టకు కొవ్వును, కాలేయమునకు హానిని కలిపి ఇస్తాయి. బీడీ, సిగరెట్టు, గుట్కా సంగతి వేరే చెప్పనవసరము లేదు.

మన ప్రేమవిందుల సంగతి కూడా మాట్లాడుకోవాలి. కృతజ్ఞత కూడిక అయినా, పుట్టినరోజు ప్రార్థన అయినా బిర్యానీ, దాని వెనుక స్వీటు, దాని వెనుక కూల్‌డ్రింకు లేకపోతే మర్యాద కాదనుకొంటున్నాము. వద్దన్నవారి విస్తరిలో బలవంతముగా వడ్డించడమే ప్రేమ అనుకొంటున్నాము. ఒక ముద్ద తక్కువ వడ్డించడములో కూడా ప్రేమ ఉంది. గృహ దర్శనమునకు వచ్చిన మీ కాపరికి కూడా అలాగే వడ్డించండి. నేను నొచ్చుకోను, మా ఇంటివారు మీకు వందనములు చెబుతారు.

నొప్పి వచ్చిన రాత్రి

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. ఛాతీ మీద బండ పెట్టినట్లు బరువు, ఎడమ చేతికి గాని దవడకు గాని పాకే నొప్పి, చల్లని చెమట, ఊపిరి ఆడకపోవడము – ఇవి గుండెపోటు గుర్తులు. స్త్రీలలోను, షుగరు ఉన్నవారిలోను నొప్పి లేకుండానే ఆయాసము, విపరీతమైన నీరసము, కడుపులో వికారము మాత్రమే రావచ్చు. “గ్యాసు పట్టింది” అని సోడా త్రాగించి తెల్లవారేదాకా చూడటములో ఎన్నో ప్రాణాలు పోతున్నాయి. పూడుకుపోయిన ధమని వెనుక గుండె కండరము నిమిష నిమిషానికి చచ్చిపోతూ ఉంటుంది. రోగిని నడిపించవద్దు, మోటారు సైకిలు మీద కూర్చోబెట్టవద్దు. వెంటనే 108కి ఫోను చేయండి.

అర్ధరాత్రి అలాంటి నొప్పి వస్తే మనవారిలో చాలామంది ముందుగా పిలిచేది కాపరినే. ఆ ప్రేమకు కృతజ్ఞుడను. కాని ప్రియులారా, మొదటి ఫోను 108కి, రెండవది నాకు. మీ గుమ్మములో ప్రార్థన చేయడానికి పట్టే సమయమును నేను ఆసుపత్రి గుమ్మములో తీసుకొంటాను. అక్కడ చేసినా ఆ ప్రార్థన తక్కువది కాదు.

ఈ వారము ఇంటిల్లిపాదీ ఒక దారము తీసి కొలుచుకోండి. కొసలు కలవనివారు ఆ దారమును పారవేయవద్దు. గూట్లో దాచి, మూడు నెలల తరువాత మళ్ళీ తీసి చుట్టి చూడండి. కొసలు ఎంత దగ్గరికి వస్తే, లోపల ఆ కండరమునకు అంత ఊపిరి దొరికినట్లు.